లాంబార్డుల దండయాత్రలు: ఇటలీ తీరపు ఊళ్లు ఖాళీ అయ్యాయా, మారిపోయాయా?

కథలపెట్టె (శుక్రవారం, రాత్రి 9:14)

వెనీసు పుట్టుక గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ. 568లో అల్బోయిన్ రాజు వెంట లాంబార్డులనే జర్మానిక్ తెగవాళ్లు పన్నోనియా నుంచి, అంటే నేటి హంగరీ పశ్చిమ భాగం నుంచి, కనుమలు దాటి ఇటలీలో దిగారు. మరుసటి ఏడాది మిలాన్ పడిపోయింది. మూడేళ్ల ముట్టడి తరువాత 572లో పావియా లొంగింది. మైదానంలో ఉండలేక జనం సముద్రపు కయ్యల్లోకి, ఇసుక దిబ్బల మీదికి పారిపోయారు. గుర్రాల మీద వచ్చినవాడు నీళ్లలోకి దిగలేడు కదా. ఆ కాందిశీకులు వేసుకున్న గుడిసెలే తరువాత వెనీసు అయ్యాయి.

ఈ కథకు ఆధారాలు కూడా బాగానే ఉన్నాయి. అక్విలేయా పాట్రియార్క్, అంటే అక్కడి పెద్ద బిషప్పు, పౌలీనస్ 568లోనే చర్చి సంపదంతా మూట కట్టుకుని గ్రాడో దీవికి వెళ్లాడు. అల్టీనో బిషప్పు టోర్చెల్లోకు, ఓడెర్జో బిషప్పు ఎరాక్లేయాకు, పాదువా బిషప్పు మలమొక్కోకు చేరారని సంప్రదాయం చెబుతుంది. ఒక్కో మైదానపు పట్టణానికీ నీటి మీద ఒక జంట ఊరు ఏర్పడింది.

ఇటీవల మాత్రం ఈ కథంతా కల్పన అని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువయ్యారు. నాకు అది అతిగా అనిపిస్తోంది. ఇంతమంది బిషప్పులు సరదాకు ఇల్లు మారలేదు. తెలిసినవాళ్లు చెప్పండి: లాంబార్డులు రాకపోయి ఉంటే వెనీసు ఉండేదా?

రాతిశాసనం (శుక్రవారం, రాత్రి 10:02)

ముందు తేదీలు వరుసగా పెట్టి చూద్దాం. గ్రాడోకు తరలడం 568. పాదువాను లాంబార్డు రాజు అగిలుల్ఫ్ తగలబెట్టింది 601 ప్రాంతంలో. ఓడెర్జోను రోథారి పట్టుకున్నది 640 చుట్టుపక్కల. గ్రిమోఆల్డ్ వచ్చి దాన్ని నేలమట్టం చేసింది ఇంకో పాతికేళ్లకు. మొదటి తేదీకీ చివరిదానికీ మధ్య దాదాపు నూరేళ్లు. ఓడెర్జో డెబ్బై ఏళ్ల పాటు లాంబార్డుల పొలిమేరలోనే, తూర్పు రోమన్ సామ్రాజ్యపు జెండా కింద బతికింది. అంత కాలం పట్టినదాన్ని పారిపోవడం అనలేం. సరిహద్దు మెల్లగా సముద్రం వైపు జరుగుతూ వచ్చింది, దానితోపాటే కార్యాలయాలూ జరిగాయి.

టోర్చెల్లో శాసనం సంగతి చూడండి. సాంటా మరియా చర్చి పునాదికి సంబంధించిన రాయి అది. హెరాక్లియస్ చక్రవర్తి పాలనలో 29వ సంవత్సరం, అంటే 639. కొన్ని అక్షరాలు చెదిరిపోయినా ప్రధాన విషయం స్పష్టంగానే ఉంది. రవెన్నాలోని ఎగ్జార్క్, అంటే ఇటలీలో చక్రవర్తి ప్రతినిధి, ఐజాక్ పేరుంది, సైన్యాధిపతి మారిషస్ పేరుంది. అందులో భయం లేదు, పరుగు లేదు, శత్రువు ఊసు లేదు. ప్రభుత్వం డబ్బు పెట్టి, అధికారి దగ్గరుండి కట్టించిన కట్టడమది. తలదాచుకోవడానికి వచ్చినవాళ్లు ఎగ్జార్క్ పేరు చెక్కించుకుంటూ కూర్చుంటారా?

ఉప్పుమడి (శుక్రవారం, రాత్రి 11:20)

రాతిశాసనం గారికి ఒక మెట్టు ముందుకు వెళ్తాను. లాంబార్డులు ఇటలీ మొహం చూడకముందే ఆ కయ్యల్లో జనం ఉన్నారు.

అప్పట్లో ఇటలీని ఏలుతున్న గోతు రాజుల కొలువులో మంత్రిగా ఉన్న కాసియొడోరస్ 537-538 ప్రాంతంలో ఆ తీరపు ట్రిబ్యూన్లకు ఒక ఉత్తరం రాశాడు. ఇస్ట్రియాలో ఆ ఏడాది ద్రాక్షసారా, నూనె పుష్కలంగా ఉన్నాయి, పడవల్లో రవెన్నాకు చేర్చండి అన్నది అసలు పని. కానీ మనిషికి మాటల మీద మోజు. పని చెప్పి ఆగకుండా వాళ్ల బతుకంతా వర్ణించాడు. నీటి పక్షుల్లా గూళ్లు కట్టుకుని ఉంటారట. గోడకు పశువును కట్టినట్టు పడవను కట్టుకుంటారట. పేదా ధనికా అందరూ ఒకే చేపలు తింటారు, ఇళ్లన్నీ ఒకే తీరు కాబట్టి ఒకరిని చూసి ఒకరు అసూయపడరు అంటాడు. నాగలి, కొడవలి బదులు ఉప్పు మడుల్లో దొర్లింపు బండలు తిప్పుతారని, బంగారం అక్కర్లేనివాడు ఉంటాడేమో గాని ఉప్పు అక్కర్లేనివాడు ఉండడని ఒక చురక కూడా వేస్తాడు.

ఇందులో పొగడ్త పాలు ఎంతైనా తీసేయండి. పడవలు, రేవులు, ఉప్పు మడులు, ట్రిబ్యూన్లనే అధికారులు మాత్రం మిగులుతారు. అల్బోయిన్ రావడానికి ఇంకా 30 ఏళ్లుంది!

తవ్వకాలూ ఇదే చెబుతున్నాయి. టోర్చెల్లోలోనూ, సాన్ ఫ్రాంచెస్కో డెల్ డెసెర్టో దీవిలోనూ 568కి ముందరి పొరల్లోనే మనుషుల జాడ, రేవు కట్టడాల జాడ బయటపడ్డాయి. అల్టీనో రేవు పూడిక పడుతోంది, నదులు దారి మార్చుకుంటున్నాయి. 589 అక్టోబరులో అడిజే నదికి వచ్చిన భారీ వరదను లాంబార్డుల చరిత్ర రాసిన పాల్ డీకన్ ప్రత్యేకంగా రాశాడు. రేవు పూడిపోతే రేవు మీద బతికేవాడు నీళ్లున్న చోటికి పోతాడు. దానికి లాంబార్డు రానక్కర్లేదు.

ఒకేప్రశ్న (శనివారం, ఉదయం 6:48)

అలాగైతే వెనీసు వాళ్లే తమను తాము కాందిశీకుల బిడ్డలని ఎందుకు చెప్పుకున్నారు? ఎవరైనా గొప్పలు చెప్పుకుంటారు గాని పారిపోయి వచ్చామని చెప్పుకుంటారా?

రాతిశాసనం (శనివారం, ఉదయం 8:05)

అదే గొప్ప కాబట్టి. ఉత్తరం నుంచి వచ్చినవాళ్లకు తలవంచకుండా వచ్చేశామంటే రెండు లాభాలు. ఒకటి, మేము అసలైన రోమనులం. రెండు, మేము వచ్చేసరికి ఈ నేల ఎవరిదీ కాదు, కాబట్టి మా మీద ఏ చక్రవర్తికీ హక్కు లేదు. కాసియొడోరస్ ఉత్తరంలోలాగా రాజు ఆజ్ఞకు పడవలు తోలిన ఉప్పు కూలీల వారసులమని చెప్పుకుంటే ఈ రెండూ పోతాయి.

పైగా ఎవరి నుంచి పారిపోయారన్న దాని మీద వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. 10వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఏడవ కాన్‌స్టాంటైన్ తన గ్రంథంలో హూణుల రాజు అట్టిలా వల్ల పారిపోయారని రాశాడు. అంటే 452. ఆ తరువాతి కాలంలో వెనీసుకు 421 మార్చి 25 అని ఏకంగా పుట్టినరోజే ఖాయం చేశారు. అప్పటికి అట్టిలా కూడా రాలేదు.

పాతఉత్తరాలు (శనివారం, ఉదయం 10:31)

పైనంతా చదివాను. రాళ్లు, పూడిక, పొరలు బాగున్నాయి. మనుషులెక్కడ? లాంబార్డుల రాకను ఏదో కార్యాలయాల బదిలీలా మాట్లాడుతున్నారు. వెనీసును కాసేపు పక్కన పెట్టి, ఇటలీకి 7,000 కిలోమీటర్లకు పైగా తీరం ఉందని గుర్తు చేసుకుందాం.

పోప్ గ్రెగరీ 590 నుంచి 604 వరకు రాసిన ఉత్తరాలు 800కు పైగా మిగిలాయి. తీరంలో జరిగింది అప్పటికప్పుడు రాసిన సాక్ష్యం మనకు అంతకు మించి లేదు. 590లో మింటుర్నో చర్చిని పక్కనున్న ఫోర్మియా బిషప్పుకు కలిపేశాడు, అక్కడ జనమూ లేరు, పూజారులూ లేరు కాబట్టి. 592లో అగ్రోపోలి బిషప్పుకు రాస్తే చుట్టుపక్కల దిక్కులేని చర్చీలను చూసుకోమని చెప్పవలసి వచ్చింది. టస్కనీలోని పొపులోనియా బిషప్పు కెర్బోనియస్ ఎల్బా దీవికి పారిపోయి అక్కడే కన్నుమూశాడు. తన శవాన్ని సొంత ఊళ్లో పాతిపెట్టమన్నాడట. తీసుకెళ్లినవాళ్లు లాంబార్డుల భయంతో గోతిలో దించి, వెంటనే పడవెక్కి వెనక్కి వచ్చేశారు.

596లో బెనెవెంటో లాంబార్డు డ్యూక్ అరికిస్ మనుషులు క్రోటోనేను పట్టుకున్నారు. దక్షిణ కొసన ఉన్న రేవు పట్టణం అది. మరుసటి ఏడాది గ్రెగరీ చక్రవర్తి సోదరి థియోక్టిస్టాకు రాస్తూ, ఎందరో స్త్రీపురుషులు బందీలయ్యారని, తల్లిదండ్రుల నుంచి పిల్లలను, భార్యల నుంచి భర్తలను విడదీశారని, కొందరిని విడిపించగలిగినా ఇంకా చాలామంది వాళ్ల చేతిలోనే ఉన్నారని చెబుతాడు. ఆమె పంపిన 30 పౌన్ల బంగారంలో సగం వాళ్ల విడుదలకు కేటాయించాడు. 595లో చక్రవర్తికి రాసిన ఉత్తరం ఇంకా ఘోరం. రోమనుల మెడకు కుక్కలకు కట్టినట్టు తాళ్లు కట్టి, ఫ్రాంకుల దేశంలో, అంటే నేటి ఫ్రాన్స్ వైపు, అమ్మడానికి తోలుకుపోవడం తాను కళ్లారా చూశానంటాడు.

వీళ్లెవరూ నదుల పూడిక వల్ల మెడకు తాడు వేయించుకోలేదు.

కథలపెట్టె (శనివారం, ఉదయం 10:50)

ధన్యవాదాలు పాతఉత్తరాలు గారూ. నేను చెప్పాలనుకున్నది ఇదే.

ఉప్పుమడి (శనివారం, మధ్యాహ్నం 12:15)

హింస జరగలేదని నేను ఎక్కడా అనలేదు. కానీ ఒక్క వర్గం సాక్ష్యంతోనే తీర్పు చెప్పకూడదు. గ్రెగరీ పోప్, సామ్రాజ్యపు విధేయుడు, ముట్టడిలో ఉన్న నగరానికి పెద్ద దిక్కు. రవెన్నాలో సైన్యానికి జీతాలిచ్చే అధికారి ఉన్నాడు, ఇక్కడ ఆ కోశాధికారిని నేనే అని వాపోయినవాడు. లాంబార్డులకు డబ్బిచ్చి ఇచ్చి అలసిపోయాడు. వాళ్ల గురించి అతను మంచిమాట రాస్తాడని ఎలా అనుకుంటాం?

పైగా లాంబార్డులు రాకముందు ముప్పై ఏళ్లలో ఏం జరిగిందో చూడండి. 535 నుంచి 554 దాకా గోతులతో యుద్ధం. 540లలో మొదలైన ప్లేగు తెరలు తెరలుగా వస్తూనే ఉంది. లాంబార్డులు దిగేనాటికి తీరం సగం కుదేలై ఉంది. మింటుర్నో ఖాళీ అయితే ఆ లెక్కంతా అల్బోయిన్ పద్దులో రాసేయడం సరికాదు.

పాతఉత్తరాలు (శనివారం, మధ్యాహ్నం 1:40)

గ్రెగరీ ఒక పక్షమే. కాదనను. కానీ ఆ ఒక పక్షపువాడే తన పక్షానికి వ్యతిరేకంగా ఏం రాశాడో మీకు చెబితే మీ వాదనకే బలం. అయినా చెబుతాను.

595లోనే చక్రవర్తి భార్య కాన్‌స్టాంటినాకు రాసిన ఉత్తరం. కోర్సికా దీవిలో పన్నుల భారం ఎంతంటే, బాకీ తీర్చడానికి జనం కన్నపిల్లలను అమ్ముకుంటున్నారట. భూములున్నవాళ్లు సామ్రాజ్యాన్ని విడిచి లాంబార్డుల దగ్గరికే పారిపోవలసి వస్తోందట. ఆ అనాగరికుల చేతిలో ఇంతకంటే క్రూరంగా ఏం అనుభవిస్తారు అని మహారాణినే నిలదీస్తాడు.

అంటే ఒకే పదేళ్లలో క్రోటోనే జనం లాంబార్డుల చేతిలో బందీలయ్యారు, కోర్సికా జనం లాంబార్డులే నయమనుకున్నారు. తీరపు సామాన్యుడికి రెండు వైపులా నొక్కుడే. మనం కత్తి పట్టినవాడిని ఒక్కడినే చూస్తున్నాం, పన్ను చిట్టా పట్టినవాడిని వదిలేస్తున్నాం.

ఒకేప్రశ్న (శనివారం, మధ్యాహ్నం 2:03)

కోర్సికా దీవి కదా. దీవి నుంచి లాంబార్డుల దగ్గరికి ఎలా పోయారు? లాంబార్డులకు పడవలే లేవు అని కదా అందరూ అనేది?

రాతిశాసనం (శనివారం, సాయంత్రం 4:26)

కోర్సికా నుంచి టస్కనీ తీరం 90 కిలోమీటర్లు కూడా ఉండదు, మధ్యలో ఎల్బా ఉంది. చేపల పడవ చాలు.

లాంబార్డులకు పడవలు లేవన్న మాట సగమే నిజం. రాజు దగ్గర నౌకాదళమంటూ లేదు. అది లేకపోవడం వల్లే రెండు శతాబ్దాల పాటు నేపుల్స్, గయేటా, రోమ్, రవెన్నా, గ్రాడో వంటి తీరపు, తీరానికి దగ్గరి పట్టణాలను భూమి వైపు నుంచి ఎంత బిగించినా సముద్రం వైపు నుంచి ధాన్యం వస్తూనే ఉండేది. 579 ప్రాంతంలో స్పొలేటో లాంబార్డు డ్యూక్ ఫారోఆల్డ్ రవెన్నా రేవు క్లాస్సేను పట్టుకున్నాడు. కొన్నేళ్లకు దాన్ని తిరిగి సంపాదించింది ద్రోక్తుల్ఫ్. పుట్టుకతో మరో జర్మానిక్ తెగవాడు, లాంబార్డుల పక్షం వదిలి సామ్రాజ్యం వైపు వచ్చినవాడు. చిన్న పడవలతో ఒక దండును సిద్ధం చేసుకుని నది మీదుగా వచ్చి కొట్టాడని పాల్ డీకన్ రాశాడు. రవెన్నాలోని సాన్ వితాలే చర్చిలో పాతిపెట్టి, గొప్ప స్మారక పద్యం కూడా చెక్కించారు. ఎవరు లాంబార్డు, ఎవరు రోమను అనే గీత అప్పట్లో అంత గట్టిది కాదనడానికి ఇతనొక్కడు చాలు.

కానీ రేవు పట్టణాలు చేతికొచ్చాక అక్కడి నావికులూ చేతికొచ్చారు. 598-599లో లాంబార్డులు సార్డీనియా మీద దిగారు, కాల్యరి బిషప్పుకు గ్రెగరీ రాసిన హెచ్చరికలున్నాయి. 603లో పీసా వాళ్లను నిలువరించడానికి గ్రెగరీ మనిషిని పంపితే పని కాలేదు, వాళ్ల యుద్ధనౌకలు అప్పుడే బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ పీసా ఎవరిదన్నది నేటికీ తెగని వివాదం. అటు ఎగ్జార్క్ మాట వినదు, ఇటు లాంబార్డు డ్యూక్ పేరూ కనిపించదు. నా ఉద్దేశంలో ఇద్దరి మధ్య సందు చూసుకుని తన పని తాను చేసుకుపోయిన ఊరు అది.

నిర్వాహకుడు (శనివారం, సాయంత్రం 5:00)

అల్బోయిన్ భార్య రోజమండ్, పుర్రె గిన్నె కథ మీద వచ్చిన వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ తీరం గురించే మాట్లాడండి.

ఉప్పుమడి (శనివారం, రాత్రి 8:37)

పాతఉత్తరాలు గారి కోర్సికా ప్రస్తావన తరువాత నేను లిగూరియా గురించి చెప్పక తప్పదు. లాంబార్డులు తీరానికి చేసిన అసలు మార్పు అక్కడే కళ్లకు కడుతుంది.

మిలాన్ పడిపోగానే 569లో ఆర్చిబిషప్పు హొనొరాటస్ జెనోవాకు వెళ్లాడు. ఆయన, ఆయన వారసులు దాదాపు 75 ఏళ్లు అక్కడి నుంచే పని నడిపారు. జెనోవా నుంచి లూని దాకా ఆ సన్నటి తీరపు పట్టీ సామ్రాజ్యం చేతిలో ఉంది. వెనక కొండలు, కొండల అవతల లాంబార్డులు. ఫినాలే లిగూరే దగ్గర పెర్తి అనే చోట కొండమీద ఒక చిన్న కోట తవ్వారు. అక్కడ దొరికినవేమిటో తెలుసా? ఉత్తర ఆఫ్రికా నుంచి, తూర్పు మధ్యధరా నుంచి వచ్చిన జాడీలు, పళ్లేలు. కొండ కొన మీద కాపలా ఉన్న సిపాయి కార్తేజ్ నూనెతో అన్నం తిన్నట్టు లెక్క. వ్యాపారి లాభం చూసుకుంటే ఆ కొండెక్కడు. సరిహద్దు దండుకు సరుకు చేర్చేది ప్రభుత్వం, దాని వెంట నాలుగు సరుకులు వేసుకొచ్చేవాడు వర్తకుడు.

643లో రోథారి వచ్చాడు. లాంబార్డుల చట్టాలను 388 అధ్యాయాలుగా రాయించిన రాజు, అదే ఏడాది. జెనోవా, సవోనా, వరిగొట్టి, అల్బెంగా, లూని అన్నీ తీసుకున్నాడు. గోడలు పడగొట్టించి, వీటిని ఇకపై నగరాలనకండి, పల్లెలనండి అని ఆజ్ఞాపించాడని ఫ్రాంకుల చరిత్రలో ఉంది. జనాన్ని చంపేశాడని కాదు. హోదా తీసేశాడు. దండు లేదు కాబట్టి దండుకు వచ్చే ఓడలు లేవు, ఓడలు లేవు కాబట్టి ఆఫ్రికా జాడీలు లేవు. ఆ తరువాత జెనోవా పేరు పెద్దగా వినిపించేది 935 ప్రాంతంలో, ఉత్తర ఆఫ్రికా ఫాతిమీద్ నౌకలు వచ్చి దోచుకున్నప్పుడు. మూడు శతాబ్దాల నిశ్శబ్దం!

కాబట్టి కథలపెట్టె గారి ప్రశ్నకు నా జవాబు ఇది. లాంబార్డులు ఎక్కడ తీరాన్ని పూర్తిగా పట్టుకున్నారో అక్కడ రేవులు పల్లెలయ్యాయి. ఎక్కడ పట్టుకోలేక పొలిమేరలో ఆగిపోయారో అక్కడ కయ్యల్లోని పల్లెలు పట్టణాలయ్యాయి. వెనీసుకు మేలు చేసింది పారిపోవడం కాదు, లాంబార్డు రాజ్యానికీ సముద్రానికీ మధ్య ద్వారంలా కూర్చునే అవకాశం దొరకడం.

కథలపెట్టె (శనివారం, రాత్రి 9:22)

ఒప్పుకోను. పీసా లాంబార్డుల చేతికి వచ్చింది, అది పల్లె కాలేదు. లూకా ఊరు పక్కనే రాజధానిలా వెలిగింది, దానికి రేవు కావాలి కదా. మీ సూత్రం లిగూరియాకు సరిపోతుంది, మిగతా తీరానికి సాగదీస్తే తెగుతుంది. ద్వారం అన్నారు, బాగుంది. కానీ ఆ ద్వారం దగ్గర మొదట కూర్చున్నది వెనీసు కాదేమో?

మిరియపుగింజ (ఆదివారం, ఉదయం 7:30)

కథలపెట్టె గారు చివర అన్నది సరిగ్గా తగిలింది. మొదట కూర్చున్నది కొమాక్కియో. రవెన్నాకు ఉత్తరాన, పో నది సముద్రంలో కలిసే చోట, కయ్యల మధ్య ఉన్న ఊరు. నేటికీ పాముచేపలకు ప్రసిద్ధి.

లియుట్‌ప్రాండ్ రాజు కాలంలో, 715లో అని కొందరు, 730లో అని కొందరు, కొమాక్కియో వాళ్లకూ లాంబార్డులకూ ఒక ఒప్పందం కుదిరింది. దాని పాఠం మిగిలి ఉంది. కొమాక్కియో లెక్క ప్రకారం సామ్రాజ్యపు ఊరు, అంటే శత్రు పక్షం. దాని తరఫున పేర్లలో ఒక ప్రీస్టు, ఒక సైనికాధికారి ఉన్నారు. అవతల లాంబార్డు రాజు. మాట్లాడుకున్నది మాత్రం యుద్ధం గురించి కాదు, పో నది మీద ఉప్పు పడవలు ఏ రేవులో ఎంత సుంకం కట్టాలన్నది. మాంటువా, క్రెమోనా, పర్మా, పియాచెంజా దాకా రేవుల వారీగా రాసుకున్నారు. సుంకం ఎక్కువగా ఉప్పు రూపంలోనే. రేవు అధికారికి అదనంగా ఒక పౌను నూనె, ఒక పౌను గారుం అనే చేపల పులుసు, కొన్ని ఔన్సుల మిరియాలు ఇవ్వాలి.

మిరియాలు! 8వ శతాబ్దపు తొలినాళ్లలో, చీకటి యుగమని మనం బడిలో చదువుకున్న కాలంలో, పో నది ఒడ్డున సుంకం గుమస్తా చేతికి మిరియాలు. అవి ఇటలీలో కాయవు. మలబారు కొండల్లో కోసి, అరేబియా సముద్రం దాటి, ఎర్రసముద్రం మీదుగానో పర్షియా మీదుగానో వెళ్లి, తూర్పు మధ్యధరాలో చేతులు మారి అక్కడికి చేరాలి. మన దక్షిణాది పంట లాంబార్డు సుంకపు చిట్టాలో ఉంది.

అక్కడి తవ్వకాల్లో 7, 8 శతాబ్దాల గుండ్రని జాడీలు, గాజు పని చేసిన కొలిమి బయటపడ్డాయి. ఈ ఊరు లాంబార్డుల వల్ల నాశనం కాలేదు, వాళ్లకు ఉప్పు అమ్మి బతికింది. మైదానంలో పందులను ఉప్పుబెట్టి నిలవ చేసుకునే రాజ్యానికి ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది మరి.

తరువాత వెనీసు ఏం చేసిందంటే, 932లో ఆ ఊరిని తగలబెట్టింది. ద్వారం దగ్గర ఒక్కరికే చోటు.

ఒకేప్రశ్న (ఆదివారం, ఉదయం 8:11)

శత్రువుతో వ్యాపారం చేస్తుంటే రెండు పక్కల రాజులూ ఊరుకున్నారా?

రాతిశాసనం (ఆదివారం, ఉదయం 9:45)

ఊరుకోలేదు. 750లో ఐస్టుల్ఫ్ రాజు చట్టం చేశాడు. రాజు అనుమతి లేకుండా రోమనులతో, అంటే సామ్రాజ్యపు ప్రజలతో, వ్యాపారం చేసినవాడి సరుకంతా జప్తు, తల గొరిగించి ఊరంతా తిప్పాలి. రాజుకు ఇష్టం లేకుండా యుద్ధ సమయంలో రోమనుడితో బేరమాడితే ఇదే గతి అని వాడే అరుస్తూ నడవాలి! పడవ మీద గాని, నేల మీద గాని రాజు చీటీ లేకుండా వ్యాపారానికి పోకూడదన్న నిబంధన కూడా ఆ చట్టాల్లోనే ఉంది. ఎవరూ చేయని నేరానికి ఇంత హంగామా శిక్ష పెట్టరు. జనం నిత్యం చేస్తున్నారు కాబట్టే పెట్టాడు. అదే చట్టాల్లో వర్తకులను ఆస్తిని బట్టి వర్గాలుగా విభజించి, పెద్దవాళ్లు కవచం, గుర్రం, డాలు, ఈటెతో సైన్యానికి రావాలన్నాడు. అంటే వర్తకులు ఒక వర్గంగా లెక్కకు వచ్చేంత బలిశారు.

మరుసటి ఏడాది, 751లో, అదే ఐస్టుల్ఫ్ రవెన్నాను పట్టుకున్నాడు. ఎగ్జార్క్ పదవి అంతటితో పోయింది. అంతకుముందు ఒకసారి లియుట్‌ప్రాండ్ కాలంలో రవెన్నా పోయినప్పుడు వెనీసు పడవలు వెళ్లి విడిపించాయి. ఈసారి ఎవరూ వెళ్లలేదు. ఎగ్జార్క్ లేని లోకం తమకే నయమని కయ్యల వాళ్లకు అప్పటికే తెలిసి ఉంటుందని నా అనుమానం. 774లో ఫ్రాంకుల రాజు షార్లెమేన్ పావియాను పట్టుకున్నాక లాంబార్డు రాజ్యమే పోయింది.

దక్షిణపుగాలి (ఆదివారం, సాయంత్రం 6:18)

ఉత్తరంలో పోయింది. దక్షిణాన బెనెవెంటోలో, సలెర్నోలో ఇంకో మూడు శతాబ్దాలు లాంబార్డు ప్రభువులే. మీ చర్చ 774 దగ్గర ఆగిపోతే అమాల్ఫి కథ మిగిలిపోతుంది.

596లో అమాల్ఫి ఒక చిన్న కోట. అక్కడి బిషప్పు కోటలో ఉండకుండా ఊళ్లు తిరుగుతున్నాడని, ఆయన్ను చూసి జనమూ లోపల ఉండడం లేదని గ్రెగరీ ఫిర్యాదు చేశాడు. కొండకూ సముద్రానికీ మధ్య పొలం పండే చోటే లేదు. బతకాలంటే ఓడ ఎక్కాల్సిందే. కొండల వెనక ఉన్న లాంబార్డులకు ధాన్యం, కలప ఉన్నాయి, ఓడలు లేవు. ఆ లోటే వీళ్ల పెట్టుబడి.

836లో బెనెవెంటో ప్రభువు సికార్డ్ నేపుల్స్‌తో ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. సొరెంటో, అమాల్ఫి కూడా అందులోకి వస్తాయి. చదివితే తీరపు బతుకంతా కనిపిస్తుంది. లాంబార్డు ప్రజలను కొని సముద్రం దాటించి అమ్మకూడదని ఒక నిబంధన. గ్రెగరీ ఉత్తరంలో మెడకు తాడు రోమనులది. రెండున్నర శతాబ్దాల తరువాత తాడు లాంబార్డుల మెడకు మారింది, అమ్మేవాడు రోమను. ఓడ పగిలితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు యజమానిదే, ఒడ్డు మీద దొరికినవాడిది కాదు అని ఇంకో నిబంధన.

రెండేళ్లకే సికార్డ్ మాట తప్పి అమాల్ఫిని పట్టుకున్నాడు. ఊరిని తగలబెట్టడం అతని ఉద్దేశం కాదు. జనాన్ని సలెర్నోకు తరలించాడు, అక్కడివాళ్లతో పెళ్లి సంబంధాలు కలిపించాడు, పక్కనే ఉన్న మినోరి నుంచి సెయింట్ ట్రోఫిమెనా అస్థికలను కూడా పట్టుకుపోయాడు. ఓడలు కట్టేవాళ్లు, నడిపేవాళ్లు తన రేవులో, వాళ్ల దేవత తన చేతిలో ఉండాలని లెక్క. 839లో సికార్డ్ హత్యకు గురయ్యాడు. సలెర్నో వాళ్లు వేసవిలో ఊరి బయట ఉన్న సమయం చూసి అమాల్ఫి వాళ్లు ఇళ్లు, చర్చీలు దోచుకుని, నిప్పుపెట్టి, ఓడలెక్కి సొంత ఊరికి వెళ్లిపోయారు. అమాల్ఫి స్వతంత్రం అప్పటి నుంచే లెక్క.

పాతఉత్తరాలు (ఆదివారం, సాయంత్రం 6:55)

బందీల నిబంధన సంగతి గొప్పగా చెప్పారు. అమ్మేవాడు మారాడు, మెడ మారింది, వ్యాపారం మారలేదు.

ఒకేప్రశ్న (ఆదివారం, రాత్రి 7:40)

సలెర్నోలో పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు కూడా వెళ్లిపోయారా?

దక్షిణపుగాలి (ఆదివారం, రాత్రి 8:26)

అందరూ వెళ్లినట్టు లేదు. తరువాతి శతాబ్దపు దస్తావేజుల్లో సలెర్నో, వియెత్రి పరిసరాల్లో అమాల్ఫి, అత్రాని మనుషుల ఇళ్లు, తోటలు, కొనుగోళ్లు కనిపిస్తూనే ఉంటాయి. లాంబార్డు ప్రభువు నేల మీద, రోమను చట్టం ప్రకారం రాసుకున్న పత్రాలతో.